‘ప్రమాదం’ ఎవరి మాట? – పనిస్థలాల భద్రతపై ఒక చారిత్రక పరిశీలన

1

హైదరాబాదుకు రెండు బొల్లారాలున్నాయి. ఒకటి సికింద్రాబాదుకు ఉత్తరాన, అల్వాల్ పక్కన వున్న మచ్చ బొల్లారం, దాన్ని ఆనుకుని కంటోన్మెంటు బొల్లారం. పంతొమ్మిదో శతాబ్దంలో హైదరాబాదు కాంటింజెంటు సైన్యం మకాం వేసిన చోటు అది. 1860లో అక్కడ కట్టిన రెసిడెంటు విడిది భవనమే నేటి రాష్ట్రపతి నిలయం. రెండోది పటాన్‌చెరు వైపు వున్న పారిశ్రామికవాడ బొల్లారం. మందుల ఫ్యాక్టరీలకూ, అవి వదిలిన విషపు నీళ్లకూ పేరుపడ్డది. మొదటి బొల్లారం చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కింది. రెండో బొల్లారం పత్రికల లోపలి పేజీల్లో చిన్న వార్తగా మిగిలింది. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేనట్టే మనం చదువుకుంటూ వస్తున్నాం.

కాని మచ్చ బొల్లారంలో నిలబడి చుట్టూ చూస్తే ఆ విభజన నిలవదు. నైరుతిన జీడిమెట్ల, దాని వెనక బాలానగర్. ఉత్తరాన మేడ్చల్. ఈశాన్యాన శామీర్‌పేట. సికింద్రాబాదు నుంచి మేడ్చల్ మీదుగా నిజామాబాదు వైపు సాగే రైలుదారి బొల్లారం స్టేషను మీదుగానే పోతుంది. కవాతు బాకాతో తెల్లవారిన ఊళ్లకు ఇవాళ షిఫ్టు సైరనుతో తెల్లవారుతుంది. సైనికుడి గాయానికి పతకం వుంది, సమాధి మీద శిలాఫలకం వుంది. షిఫ్టు దిగి ఇంటికి రాని కార్మికుడికి పత్రికలో నాలుగు పంక్తులున్నాయి. ఆ నాలుగు పంక్తుల్లో ఒక మాట తప్పనిసరిగా వుంటుంది: ‘ప్రమాదవశాత్తు’.

సాహిత్య విద్యార్థులు ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి. ప్రమాదం అన్న సంస్కృత పదానికి మొదటి అర్థం ఆపద కాదు. అనవధానత, అంటే ఏమరుపాటు. అమరకోశం ఇచ్చే అర్థం అదే. బౌద్ధుల ధమ్మపదంలో రెండో వర్గం పేరు ‘అప్పమాద’. ఏమరక వుండటం అని దాని భావం. తెలుగులోకి వచ్చాక కాలక్రమాన ఏమరుపాటు వల్ల వచ్చే కీడుకు ప్రమాదం అన్నాం. ఆ తరువాత ఏ కీడు వచ్చినా ప్రమాదమే అన్నాం. అయితే పాత అర్థం చచ్చిపోలేదు. మాట అడుగున అది నిద్రపోతూ వుంది. ‘ప్రమాదంలో చనిపోయాడు’ అని చదివినప్పుడు ‘చూసుకోకపోతే ఎట్లా’ అన్న మందలింపు ఒకటి మన మనసులో మెదులుతుంది చూడండి, అది ఆ నిద్రపోతున్న అర్థమే.

ఇంగ్లీషువాడి ‘యాక్సిడెంట్’ లాటిన్ నుంచి వచ్చింది. మీదపడటం, అనుకోకుండా సంభవించటం దాని మూలార్థం. హైదరాబాదు ఉర్దూలో ‘హాదసా’ అన్నా సంభవించినదనే. అంటే ఇంగ్లీషు మాటలో, ఉర్దూ మాటలో దోషం విధిది. మన మాటలో దోషం దెబ్బతిన్నవాడిది. మూడు భాషల్లోనూ ఒక మనిషి మాత్రం కనబడడు: ఆ యంత్రం ఎవరిదో ఆ మనిషి.

పనిస్థలాల భద్రత చరిత్ర అంటే ఇనుప కంచెల చరిత్ర, తొడుగుల చరిత్ర, చట్టాల చరిత్ర అనుకుంటాం. నిజమే. కాని అన్నిటికీ ముందు అది ఒక మాట మీద జరిగిన పోరాటపు చరిత్ర. గాయం ఎవరి తప్పు అని రాయాలి, ఎవరు రాయాలి అన్నదే ఆ పోరాటంలో ప్రశ్న. రాయటం వృత్తిగా పెట్టుకున్న మనకు ఆ ప్రశ్న పరాయిది కాదు.

2

ఈ పోరాటం మొదట సాగింది యంత్రం పుట్టిన దేశంలోనే. 1837లో ఇంగ్లండులో ఒక మాంసం కొట్టు పనివాడు, అధికంగా బరువెక్కించిన బండి కూలి కాలు విరిగి, యజమాని మీద దావా వేశాడు. ప్రీస్ట్‌లీ–ఫౌలర్ దావా అని న్యాయశాస్త్ర విద్యార్థులు చదువుకునేది అదే. మొదటి కోర్టు అతనికి పరిహారం ఇచ్చినా పైకోర్టు కాదన్నది. పనిలోని అపాయం సేవకుడికి తెలుసు, ఇష్టం లేకపోతే మానుకోవచ్చు, కనుక యజమాని బాధ్యుడు కాడన్నది ఆ తీర్పు సారం. దీని మీదనే ‘తోటి పనివాడి తప్పుకు యజమాని పూచీ లేదు’ అన్న సిద్ధాంతం పెరిగింది. వందమంది పనిచేసే మిల్లులో ఏ దెబ్బకైనా తోటి పనివాడొకడు ఎక్కడో అక్కడ కారణంగా కనిపిస్తూనే వుంటాడు. ఇంగ్లండు ఈ సిద్ధాంతాన్ని పూర్తిగా వదులుకోవటానికి 1948 దాకా పట్టింది.

1844 ఫ్యాక్టరీ చట్టం మిల్లుల్లో తిరిగే ఇరుసులకు కంచె వెయ్యాలన్నది. తలపైన అడ్డంగా తిరిగే ఇరుసుల విషయంలో మిల్లు యజమానులు ఆ నిబంధనను లెక్కచెయ్యలేదు. బెల్టు సరిచెయ్యటానికి నిచ్చెనెక్కినవాడి అంగీ అంచు ఆ ఇరుసుకు చుట్టుకుంటే క్షణంలో మనిషి మొత్తం చుట్టుకుపోయేవాడు. 1854లో ప్రభుత్వం కంచె విషయం గట్టిగా చెప్పబోయేసరికి, ఆ మరుసటేడు యజమానులు ఏకంగా ఒక సంఘం పెట్టుకున్నారు.

ఇక్కడే రచయితలు రంగంలోకి వచ్చారు. చార్లెస్ డికెన్స్ నడిపే ‘హౌస్‌హోల్డ్ వర్డ్స్’ వారపత్రికలో 1854 ఏప్రిల్‌లో హెన్రీ మోర్లీ ఒక వ్యాసం రాశాడు. ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ల నివేదికల్లోని చావులనూ, తెగిన చేతులనూ ఒక్కొక్కటిగా తీసి పాఠకుల ముందు పెట్టాడు. దానికి జవాబు రాసింది సామాన్యురాలు కాదు. బానిసత్వాన్ని జీవితమంతా వ్యతిరేకించిన అభ్యుదయ రచయిత్రి హారియెట్ మార్టినో. 1855లో ఆమె రాసిన కరపత్రాన్ని అచ్చువేయించింది ఆ యజమానుల సంఘమే. చట్టం పరిశ్రమలో తలదూర్చకూడదన్నదీ, దెబ్బలకు చాలావరకు పనివాళ్ల అజాగ్రత్తే మూలమన్నదీ ఆమె వాదం. డికెన్స్ ఆ సంఘానికి, పనివాళ్లను నుజ్జుచేసే సంఘమని అర్థం వచ్చే ఎగతాళి పేరు పెట్టాడు.

కాని డికెన్స్ విషయంలోనూ మనం గమనించవలసింది వుంది. సరిగ్గా అదే ఏడు ఆయన ‘హార్డ్ టైమ్స్’ నవల రాస్తున్నాడు. రేచెల్ అనే కార్మిక స్త్రీ చెల్లెలి చెయ్యిని యంత్రం తెంపిన సంగతి ఆ నవల చిత్తుప్రతిలో వుంది. అచ్చయిన నవలలో లేదు. అచ్చుకు ముందు డికెన్స్ దాన్ని తీసేశాడు. స్టీఫెన్ అనే కార్మికుడు పాడుబడిన బొగ్గుగని గోతిలో పడి చనిపోయే ఘట్టం మాత్రం నిలిచింది. పత్రికలో యజమానుల పేరెత్తి పోరాడిన రచయిత నవలలోకి వచ్చేసరికి చెయ్యి తెంపిన యంత్రాన్ని దాచి, ఎవరూ కాపలా లేని గొయ్యిని మిగిల్చాడు. కథలో విషాదం మిగిలింది, నేరం జారిపోయింది. ఆ కత్తిరింపు మనందరి రాతల్లోనూ ఏదో ఒక రూపంలో జరుగుతూనే వుంది.

ఆ పోరులో గెలిచింది కూడా యజమానులే. 1856 చట్టం కంచె నిబంధనను సడలించింది. అయితే ఇన్‌స్పెక్టర్ల నివేదికలు మాత్రం మిగిలాయి. 1845లోనే ఏంగెల్సు మాంచెస్టరు వీధుల్లో కాళ్లూ చేతులూ పోయిన మనుషులను చూసి, ఏదో యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైన్యంతో పోల్చాడు. 1867లో మార్క్సు ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో లెనార్డ్ హార్నర్ వంటి ఇన్‌స్పెక్టర్ల నివేదికలను పేజీలకు పేజీలు వాడుకున్నాడు. గాయాన్ని ఎవరో ఒకరు తేదీతో, యంత్రం వివరంతో రాసిపెట్టారు గనకనే అది తరువాతి తరానికి సిద్ధాంతమయింది. రాయని గాయం కర్మగా మిగిలిపోతుంది.

3

మన దేశంలో మొదటి ఫ్యాక్టరీల చట్టం 1881లో వచ్చింది. దాని పుట్టుక గురించి భ్రమలు అక్కరలేదు. బొంబాయి మిల్లుల చవక నూలు తమ సరుకును దెబ్బతీస్తున్నదన్న లంకాషైరు మిల్లు యజమానుల ఒత్తిడి దాని వెనక వుంది. అంచేత నాటి జాతీయవాద పత్రికల్లో చాలా భాగం ఆ చట్టాన్ని స్వదేశీ పరిశ్రమ మీద దాడిగా వ్యతిరేకించాయి. వాళ్ల అనుమానంలో నిజం వుంది. కాని ఏడేళ్ల పిల్లవాడు రోజుకు తొమ్మిది గంటలు పనిచెయ్యటాన్ని ఆ చట్టం అనుమతించిందనీ, అంతమాత్రపు ఆంక్ష కూడా అక్కరలేదని దేశభక్తులు వాదించారనీ మరిచిపోకూడదు. సొంత జెండా కింద తెగిన వేలు కూడా తెగిన వేలే.

ఈ చట్టాల చరిత్రను ఒక్క అంకెతో చదవవచ్చు. ఎంతమంది పనిచేస్తే ఫ్యాక్టరీ అనాలి అన్నదే ఆ అంకె. 1881లో 100 మంది. 1891లో 50. 1922లో 20. స్వాతంత్ర్యం వచ్చాక 1948 చట్టంలో, విద్యుత్తు వంటి చోదకశక్తి వాడితే 10, లేకపోతే 20. అరవై ఏడేళ్లలో ఆ అంకె మెట్టుమెట్టుగా దిగింది. దిగిన ప్రతి మెట్టూ మరికొన్ని షెడ్లలోకి, మరికొన్ని యంత్రాల దగ్గరికి చట్టం నడిచివెళ్లిన అడుగు. దాని వెనక ప్రభువుల దయ మాత్రమే లేదు. సమ్మెలున్నాయి, సంఘాలున్నాయి, 1919లో ఏర్పడిన అంతర్జాతీయ కార్మిక సంస్థ వుంది. ఈ అంకె సంగతి చివర్లో మళ్లీ చూద్దాం.

1923లో కార్మికుల నష్టపరిహార చట్టం వచ్చింది. పని కారణంగా, పనిలో వుండగా గాయపడితే తప్పెవరిదని నిరూపించకుండానే పరిహారం రావాలన్నది దాని సూత్రం. ‘ప్రమాదం’ అన్న మాటలోని మందలింపును చట్టం మొదటిసారి పక్కకు నెట్టింది. ఇది చిన్న విజయం కాదు. అయినా తలుపు కాస్త తెరిచే వుంచింది. కార్మికుడు తాగివున్నా, కావాలని ఆజ్ఞ మీరినా, తెలిసి తెలిసి రక్షణ తొడుగు తీసేసినా పరిహారం లేదు. కాకపోతే ఆ మినహాయింపు చావుకు వర్తించదు. బతికున్నవాడి తప్పును వెతికే చట్టం చచ్చినవాడిని మాత్రం క్షమించింది.

ఆ చట్టానికి ఒక అనుబంధ పట్టిక వుంది. రచయితలు తప్పక చదవవలసిన పత్రం అది. ఏ అవయవం పోతే సంపాదనాశక్తి నూటికి ఎంత పోయినట్టో అందులో వరసగా రాసి వుంటుంది. బొటనవేలికి 30. చూపుడువేలు మొత్తానికి 14. నడిమివేలికి 12. ఉంగరపు వేలికి గాని చిటికెన వేలికి గాని 7. రెండో కన్ను బాగుండి ఒక కన్ను పోతే 40. మన పురాణంలో ఏకలవ్యుడి బొటనవేలు గురుదక్షిణ. చట్టం దాన్ని దక్షిణగా కాక నష్టంగా లెక్కగట్టింది. ఆ మేరకు చట్టం పురాణం కన్నా నాగరికమయినదే. కాని కోల్పోయింది వేలు కాదు, వేలు సంపాదించి పెట్టే డబ్బు అని కూడా ఆ పట్టికే చెబుతుంది. వీణ వాయించే చెయ్యి, బిడ్డకు అన్నం కలిపే చెయ్యి దాని లెక్కలో లేవు. ఆ లెక్క రాయవలసింది ఎవరో వేరే చెప్పనక్కరలేదు.

4

నిజాం రాజ్యానికి బ్రిటిష్ ఇండియా చట్టాలు నేరుగా చెల్లేవి కావు. అక్కడి పరిశ్రమ కూడా ఆలస్యంగానే వచ్చింది. సింగరేణి బొగ్గు, లాలాగూడ రైల్వే వర్క్‌షాపు పంతొమ్మిదో శతాబ్దం చివరివి. వరంగల్ ఆజంజాహీ మిల్లు, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ, సిర్పూరు కాగితం మిల్లు 1930ల నుంచి వచ్చినవి. ఆల్విన్, ప్రాగా టూల్స్ రెండో ప్రపంచయుద్ధ కాలానివి. భూస్వామ్యం చెక్కుచెదరకుండానే దాని నీడలో యంత్రం వచ్చి కూర్చుంది. నిన్నటిదాకా దొర ముందు చేతులు కట్టుకు నిలబడ్డవాడు ఇవాళ ఇరుసు ముందు చేతులు పెట్టవలసి వచ్చింది. చేతులు కట్టుకోవటం అలవాటయినవాడు యంత్రాన్ని ఆపమని అడగగలడా? భద్రత అంటే ఇనుము తొడుగు ఒక్కటే కాదు, అడిగే గొంతు కూడా.

ఆ గొంతును ఇచ్చినవాళ్లలో ఒక కవి వుండటం మనకు గర్వకారణం. 1944లో ‘సుర్ఖ్ సవేరా’ కవితా సంపుటి వెలువరించిన మఖ్దూం మొహియుద్దీన్, 1946లో ఏర్పడిన అఖిల హైదరాబాదు ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు నాయకుడు. సిగరెట్ల ఫ్యాక్టరీ గేటు దగ్గరా, మిల్లుల దగ్గరా ఆయన, రాజ్ బహదూర్ గౌర్ వంటి సహచరులూ కార్మికులను కూడగట్టారు. కవి సమ్మేళనానికీ గేటు మీటింగుకూ మధ్య దూరం లేని కాలం అది.

తరువాత హైదరాబాదు ఉత్తరం, పడమర వైపు పరిశ్రమ విస్తరించింది. సనత్‌నగర్, బాలానగర్, ఆ పైన జీడిమెట్ల. 1960లలో ప్రభుత్వరంగపు పెద్ద ఫ్యాక్టరీలు వచ్చాయి. వాటికి విడిభాగాలు చేసే చిన్న షెడ్లు చుట్టూ మొలిచాయి. పెద్ద ఫ్యాక్టరీలో యూనియన్ వుంది, క్యాంటీన్ వుంది, యంత్రానికి తొడుగు వుంది. ఆ ఫ్యాక్టరీకే సరుకు చేసిచ్చే షెడ్డులో అవి వుంటే అదృష్టం. గాయం కూడా కాంట్రాక్టుకు ఇవ్వబడింది.

ఒక పవర్ ప్రెస్సును ఉదాహరణగా తీసుకుందాం. అచ్చు కింద రేకు పెట్టాలి, చెయ్యి తియ్యాలి, పెడలు తొక్కాలి, అచ్చు దిగుతుంది. చెయ్యి తియ్యటానికీ పెడలు తొక్కటానికీ మధ్య అరక్షణం. రోజుకు కొన్ని వేలసార్లు ఆ అరక్షణం. ఇందుకు విరుగుడు ఎప్పుడో కనిపెట్టారు. రెండు బొత్తాలుంటాయి. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితే తప్ప అచ్చు దిగదు. అప్పుడు చేతులు రెండూ అచ్చుకు దూరంగా వుండక తప్పదు. కాని పీసు రేటు మీద పనిచేసేవాడికి ప్రతి అరక్షణమూ కూలిడబ్బే. ఒక బొత్తాన్ని తీగతో కట్టేస్తే రోజుకు మరికొన్ని వందల రేకులు. సూపర్‌వైజరు చూస్తాడు, చూడనట్టు పోతాడు. నెలాఖరులో సరుకు లెక్క అతనూ చూపించాలి గదా!

ఒకనాడు వేలు పోతుంది. రిజిస్టరులో ‘కార్మికుడు రక్షణ ఏర్పాటును తొలగించినందున’ అని రాస్తారు. ఆ వాక్యం అబద్ధం కాదు. తీగ కట్టిన చెయ్యి కార్మికునిదే. అభ్యుదయ రచయిత ఇక్కడ తడబడతాడు. కార్మికుడు తప్పుచెయ్యనే చెయ్యడని రాస్తే కథ బొంకవుతుంది. తప్పు అతనిదేనని రాస్తే చరిత్ర బొంకవుతుంది. కట్టింది చెయ్యి, కట్టించింది రేటు. ఈ రెండు నిజాలూ ఒకే వాక్యంలో ఇమిడినప్పుడే మన రాత రిజిస్టరు రాతకన్నా మెరుగవుతుంది.

‘అజాగ్రత్త’ సిద్ధాంతానికి శాస్త్రం వేషం వేసిన చరిత్ర కూడా చెప్పుకోవాలి. 1910లో అమెరికాలో క్రిస్టల్ ఈస్ట్‌మన్ అనే న్యాయవాది, పిట్స్‌బర్గ్ వున్న జిల్లాలో ఒక్క ఏడాదిలో పనిలో చనిపోయిన 526 మంది కథలను ఇల్లిల్లూ తిరిగి విచారించి గ్రంథం ప్రకటించింది. కార్మికుల అజాగ్రత్తే కారణమన్న ప్రచారం తన విచారణలో నిలబడలేదని తేల్చింది. ఆ మరుసటేడు, 1911 మార్చి 25న, న్యూయార్కు ట్రయాంగిల్ బట్టల ఫ్యాక్టరీలో తాళం వేసిన తలుపు వెనక మంటల్లో చిక్కి 146 మంది చనిపోయారు. ఇరవై ఏళ్ల తరువాత, 1931లో, హెచ్. డబ్ల్యు. హెయిన్రిచ్ అనే బీమా కంపెనీ ఉద్యోగి నూటికి 88 గాయాలకు కార్మికుల అపాయకర చేష్టలే కారణమని లెక్క ఇచ్చాడు. ఆ లెక్కకు ఆధారం బీమా కంపెనీల కాగితాలూ, యాజమాన్యాల రికార్డులూ. అంటే యజమాని రాసిన వాక్యాలనే కూడి, యజమాని తప్పు లేదని తేల్చారు. భద్రతా శిక్షణలో దశాబ్దాల తరబడి వల్లించింది ఈస్ట్‌మన్ ఇల్లిల్లూ తిరిగి రాసినదాన్ని కాదు, ఈ 88నే.

5

మాట మీద పోరాటం ఎంత దూరం పోగలదో భోపాల్ చూపింది. 1981 డిసెంబరులో అక్కడి యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీలో ఒక కార్మికుడు ఫాస్‌జీన్ విషవాయువు సోకి చనిపోయాడు. అతను తొందరపడి మాస్కు తీశాడని యాజమాన్యం అన్నది. ఆ వివరణతో తృప్తిపడని పత్రికా రచయిత ఒకడున్నాడు, రాజ్‌కుమార్ కేస్వానీ. తన చిన్న వారపత్రిక ‘రపట్’లో 1982లో వరసగా హెచ్చరికలు రాశాడు. భోపాల్ అగ్నిపర్వతం మీద కూర్చుందన్నాడు. ఎవరూ వినలేదు. 1984 డిసెంబరు 2–3 రాత్రి అది పేలింది. ఆ రాత్రి విషాన్ని చల్లబరిచే యంత్రం నెలల కిందటే ఆపేసి వుంది. వాయువును శుద్ధిచేసే గోపురం పనికి సిద్ధంగా లేదు. కాల్చివేసే గొట్టం ఊడదీసి వుంది. వేల ప్రాణాలు పోయాక కూడా కంపెనీ చెప్పింది ఒకటే: ఎవరో కార్మికుడు కావాలని ట్యాంకులోకి నీళ్లు వదిలాడని. మూడు రక్షణలు ఆపింది ఎవరన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు.

ఆ శవాల మీదనే 1987లో ఫ్యాక్టరీల చట్టానికి సవరణ వచ్చింది. అపాయకరమైన పనుల వివరాలు కార్మికులకూ చుట్టుపక్కల ప్రజలకూ చెప్పాలన్నది. భద్రతా కమిటీల్లో కార్మికులుండాలన్నది. ప్రాణాపాయం కళ్లముందుందని తోస్తే హెచ్చరించే హక్కు కార్మికుడికి ఇచ్చింది. కాగితం మీద అదొక గొప్ప అధ్యాయం.

కాగితానికీ సైరనుకూ మధ్య దూరం విశాఖపట్నంలో కనబడింది. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్.జి. పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురం ఇళ్లమీదికి పాకింది. 12 మంది చనిపోయారు. హెచ్చరిక మోగించే ఏర్పాటు ఫ్యాక్టరీలో 36 చోట్ల వున్నదనీ, ఎవరూ మోగించలేదనీ ప్రభుత్వం వేసిన కమిటీ తేల్చింది. ముప్పయ్యారు మీటలున్న చోట ఒక్క చెయ్యీ లేవలేదంటే అది ఒకరి ఏమరుపాటు కాదు. మీట నొక్కటానికి ఎవరి అనుమతి కావాలన్న భయం అనాలి.

గనుల్లోనూ ఇదే కథ. 1975 డిసెంబరు 27న చాస్‌నాలా గనిలో పాత తవ్వకాల నీరు విరుచుకుపడి 370 మందికి పైగా చనిపోయారు. 2003 జూన్ 16న గోదావరిఖనిలో, జి.డి.కె. 7 ఎల్.ఇ.పి. గనిలో అదే తీరున నీరు చొరబడి 17 మంది పోయారు. నీరు ఎక్కడ నిలిచిందో, మధ్య గోడ ఎంత మందం వుందో చెప్పవలసింది గని పటం. తట్ట ఎత్తినవాడు కాదు.

2025 జూన్ 30న, ఆ రెండో బొల్లారం పరిసరాల్లోనే, పాశమైలారం పారిశ్రామికవాడలో సిగాచి ఫ్యాక్టరీ పేలింది. చనిపోయినవారు యాభైకి పైబడ్డారు. చాలామంది బీహారు, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్, ఒడిశా వంటి రాష్ట్రాల నుంచి వలసవచ్చినవారు. లోపల ఎంతమంది వున్నారన్న లెక్క తేలటానికే రోజులు పట్టింది. ఎనిమిదిమంది ఆనవాళ్లు దొరకనే లేదు. సైనికుడి పేరు రాతిమీద చెక్కిన దేశంలో, కూలీ పేరు గేటు పుస్తకంలోనైనా సరిగ్గా వుండాలని అడగవలసి వచ్చింది. ‘ఎక్స్‌గ్రేషియా’ ప్రకటించారు. ఆ లాటిన్ మాటకు ‘దయతో’ అని అర్థం. హక్కుగా రావలసిన పరిహారం వార్తల్లో దయగా మారిపోవటం కూడా భాషలో జరిగే పనే.

ఇక పేలకుండా, మంట లేకుండా జరిగేవి వున్నాయి. రాతి క్వారీల్లో, క్రషర్ల దగ్గర ఊపిరితిత్తుల్లో చేరే సిలికా ధూళి. ఆస్బెస్టాస్ నార. ఇవాళ పీల్చింది పదేళ్లకో ఇరవయ్యేళ్లకో బయటపడుతుంది. అప్పటికి కాంట్రాక్టరు మారతాడు, షెడ్డు మూతపడుతుంది, రిజిస్టరు చెదలు తింటుంది. ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులను పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు గాని, పని మానాక 15 ఏళ్లు గాని భద్రపరచాలని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది ఇందుకే. వార్త కావటానికి ఒక తేదీ కావాలి. ఈ చావులకు తేదీ లేదు. కనుక అవి ‘ప్రమాదం’ అన్న మాటకు కూడా నోచుకోలేదు.

6

ఆ అంకె దగ్గరికి మళ్లీ వద్దాం. 100 నుంచి 50కి, 20కి, 10కి దిగుతూ వచ్చిన అంకె 2020లో చేసిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతిలో తిరిగి పైకెక్కింది. విద్యుత్తు వాడితే 20, లేకపోతే 40. ఆ స్మృతి 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. అందులో మేలు లేదని అనలేం. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలంది. వేసిన జరిమానాలో కనీసం సగం బాధితులకు ఇప్పించే అధికారం కోర్టుకు ఇచ్చింది. కాని పదిహేనుమంది పనిచేసే ప్రెస్సు షెడ్డు ఫ్యాక్టరీ అన్న నిర్వచనం నుంచి జారిపోయింది. ఇన్‌స్పెక్టరు పేరు కూడా మారింది. ఇప్పుడతను ‘ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్’, తనిఖీదారుతో పాటు సౌకర్యం కలిగించేవాడు కూడా. పందొమ్మిదో శతాబ్దంలో మార్క్సుకు ఆధారమయిన నివేదికలు రాసింది తనిఖీదారులు. సౌకర్యం కలిగించేవాడు ఎటువంటి నివేదికలు రాస్తాడో చరిత్ర చూస్తుంది.

మరి మన నివేదిక మాటేమిటి? సింగరేణి జీవితం లోపలి నుంచి అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి, పి. చంద్ వంటివారు రాశారు. ఆ గని చీకటి మన సాహిత్యంలో వుంది. కాని జీడిమెట్ల, బాలానగర్, మేడ్చల్ షెడ్ల ట్యూబులైటు వెలుగు అందులో ఎంత వుంది? పొలం మీద వడ్డీ లెక్క మన కథకులకు తెలుసు. పీసు రేటు లెక్క అంతగా తెలియదు. నాగలి భాగాల పేర్లు తెలిసినంతగా ప్రెస్సు భాగాల పేర్లు తెలియవు. తెలియనప్పుడు యంత్రం రాక్షసి అవుతుంది, కార్మికుడు బలిపశువు అవుతాడు, కథ ఒక నిట్టూర్పు అవుతుంది. రాక్షసికి తొడుగు వెయ్యమని ఎవరినీ అడగలేం. యంత్రానికయితే అడగవచ్చు.

చివరగా మన వ్యాకరణం గురించి ఒక్క మాట. తెలుగు క్రియకు ‘కొను’ అనేది చేరితే పని ఫలం చేసినవాడికే చెందుతుంది. వేలు కోసుకున్నాడు. కాలు విరగ్గొట్టుకున్నాడు. ఒళ్లు కాల్చుకున్నాడు. చెయ్యి ఇరికించుకున్నాడు. మనం ఆలోచించకుండా రాసే వాక్యాలివి. ప్రతిదానిలోనూ కర్త గాయపడ్డవాడే, తన గాయాన్ని తానే సంపాదించుకున్నవాడిలా. ఇప్పుడు ఆ ‘కొను’ తీసి చూడండి. తొడుగు లేని ప్రెస్సు వేలు కోసింది. తొడుగుకు డబ్బు పెట్టనివాడు వేలు కోశాడు. వాక్యం మారగానే ప్రశ్న మారుతుంది. ప్రశ్న మారితే విచారణ మారుతుంది.

మచ్చ బొల్లారం మీదుగా రేపు తెల్లవారుజామున కూడా షిఫ్టు బస్సులు పోతాయి. పోయిన చేతులన్నీ పది వేళ్లతో తిరిగి రావాలి. రానినాడు, ఆ సంగతి రాయటానికి కూర్చున్న మనిషి ‘ప్రమాదవశాత్తు’ అన్న మాట దగ్గర కలం ఆపి, ఎవరి వశాన అని అడగాలి.